గంగాధరం వేసిన అతుకు

వాళ్ల నాయనకు నిజం చెప్పనని బిందు నా చేత ఒట్టు వేయించుకుంది. నెల్లూరు ఆసుపత్రిలో, నడుము కింద స్పర్శ లేకుండా పడుకుని, నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని మరీ అడిగింది. పదిహేడేళ్ల పిల్ల అలా అడిగితే కాదనడానికి నాకు నోరు రాలేదు. నేను వాళ్ల స్కూల్లో వ్యాయామ టీచర్ని. పిల్లలు ఎదురుగా నవోమి మేడం అంటారు, చాటున రాక్షసి అంటారు. ఆ రెండో పేరే నాకు ఇష్టం. కానీ ఆ రోజు ఆ రాక్షసికి కూడా ఏడుపు ఆగలేదు.

"గెడను పెట్టెలో వంకరగా దించినానని చెప్పండి మేడం. అందుకే విరిగిందని చెప్పండి. అతుకు సంగతి తెలిస్తే మా నాయన బతకడు" అంది.

మాది కావలికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. గెడ పట్టుకుని కాలవ దూకని పిల్ల ఇక్కడ లేదు కాబట్టి పోల్‌వాల్ట్ అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. పరిగెత్తి పోయి, గెడ కొసను నేలలో పాతిన పెట్టెలో దించి, అడ్డకర్ర మీదుగా అవతలికి ఎగరడమే. స్కూలుకు ఎవరో దాత ఆట సామాను ఇస్తానంటే నేను ముందు అడిగింది పరుపు. పడేచోటు చూపించకుండా ఎగరడం నేర్పేవాడు గురువు కాదు, కసాయి. పరుపు పోగా వచ్చింది ఒక్క ఫైబర్ గెడ. అది బిందు బరువు చూసి ఎంచుకున్నది. గెడను మనిషి బరువును బట్టే ఎంచుకోవాలి. తేలికది తీసుకుంటే మరీ వంగి విరుగుతుంది, గట్టిది తీసుకుంటే వంగకుండా మనిషిని వెనక్కి విసిరేస్తుంది. మిగతా సాధన అంతా చవకగానే కానిచ్చేవాళ్లం. ఇసుకలో వెదురు గెడ దించి దూకడం, తాడుకు వేలాడి కాళ్లు తలపైకి లేపడం. అడ్డకర్రకు బదులు సైకిల్ ట్యూబులు కోసి కట్టాను. తగిలినా దెబ్బ ఉండదు, పిల్లల్లో భయం పోతుంది.

మొన్న వేసవిలో బస్సు టాపు మీద నుంచి దించుతుంటే ఆ గెడ రాయి మీద పడి నడుమ చిట్లింది. గోటితో తడిమితే తెలిసేంత గీత, అంతే. ఆ గీత పడ్డాక ఇక ఆ గెడ చచ్చినట్టే లెక్క. అలాంటిదాన్ని ముక్కలు కోసి చిన్నపిల్లలకు ఇస్తాం, చేత్తో పట్టుకుని నడక నేర్చుకోవడానికి. "మీ నాయన దగ్గర మూడు ముక్కలు కోయించుకుని రా" అని బిందుతో పంపాను. గంగాధరం ఫైబర్ బోట్లు బాగుచేసే మనిషి. కోసే మిషను ఆయన దగ్గరే ఉంది.

కానీ సముద్రం మీద బతికేవాళ్లు అతుకు పడేదాన్ని కోయరు. బోటుకు చిల్లి పడితే గాజు నారతో నేసిన గుడ్డ పరిచి, రెసిన్ జిగురు పట్టించి, ఎండబెట్టి మళ్లీ నీళ్లలోకి తోస్తారు. గంగాధరం అతుకేసిన చోట నీళ్లు కారాయని ఈ ఒడ్డున ఎవరూ అనగా నేను వినలేదు. గెడ కూడా ఫైబరే కదా అనుకున్నాడు. చిట్లిన చోట చుట్టూ గుడ్డ చుట్టి, రెసిన్ పూసి, అరచేతికి కూడా తెలియనంత నున్నగా రుద్ది, పైన అదే రంగు వేశాడు.

అతుకేసిన సంగతి నాకు చెప్పలేదు, ముక్కలేవని నేనూ అడగలేదు. నెల్లూరులో జిల్లా సెలక్షన్ల కోసం నేను ఇంకో స్కూలు వాళ్లను బతిమాలి బిందుకు గెడ ఇప్పించాను. ఆ రోజు నన్ను ఈటె విసిరేచోట కొలతలు తీయమన్నారు. కూతురు ఎగరడం చూడ్డానికి గంగాధరం పని మానుకుని మొదటిసారి మైదానానికి వచ్చాడు, ఆటో మీద గెడ కట్టుకుని. నీ గెడ నీకుండగా అరువు గెడ ఏం ఖర్మ అన్నాడట. నాకు మైదానం అవతలి నుంచి వినపడింది ఒక్క చప్పుడే, టపాకాయ పేలినట్టు. నేను పరిగెత్తి పోయేసరికి బిందు గెడ దించే పెట్టె అంచు మీద వెల్లకిలా పడి ఉంది.

"చేతిలోకి తీసుకోంగానే తెలిసింది మేడం. వంచి చూస్తే నడుమ వంగలా" అంది ఆసుపత్రిలో.

"మరెందుకు ఎగిరావే తల్లీ?"

"నాయన మైదానం చుట్టూ కట్టిన తాడు బయట నిలబడుకోనుండాడు. మా బిడ్డ గెడ నేనే బాగుచేసినానని అందరికీ చెప్తా ఉండాడు."

నెల దాటింది. నేను ఒట్టు నిలబెట్టుకున్నాను. గంగాధరం రోజూ క్యారియరు తీసుకుని బస్సెక్కి పోయి, కూతురి పక్కనే కూర్చుని అన్నం పెట్టి, "కొంచెం నిటారుగా దించాల్సిందమ్మా" అనేవాడు. ఆ పిల్ల "అవును నాయనా" అనేది. పక్కన నిలబడి ఆ మాట వినలేక నేను వరండాలోకి పోయేదాన్ని.

ఒక సాయంత్రం పిల్లలు ఇసుకలో సాధన చేస్తుంటే గంగాధరం ఇంకో గెడ భుజాన వేసుకుని వచ్చాడు. బిందు తర్వాత మా స్కూల్లో ఎగరగలిగింది సుభాషిణి ఒక్కతే. తిన్నగా పోయి దాని చేతికిచ్చాడు.

"కావలిలో ఎవురో చిట్లిందని పారేసినారు మేడం. నేను బాగుచేసినా. మా బిడ్డ ఇంక ఎగరలేదు, ఇంగో బిడ్డన్నా ఎగరాల గదా. ఈతూరి రెండు పొరలు ఎక్కవే ఏసినా."

"వద్దన్నా, దీన్ని కోసేద్దాం" అన్నాను.

"ఏంది మేడం, నా పని మీద నమ్మకం ల్యా? విరిగిందాన్ని చూసినారా మీరు? నా అతుకు చెక్కు చెదరలా. దానికి జానెడు అవతల విరిగింది. బిడ్డ వంకరగా దించబట్టి గానీ, గెడదేం తప్పు?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన అక్కడితో ఆపి ఉంటే నేనూ ఒట్టు దాటకుండా ఊరుకునేదాన్నేమో. ఆయన సుభాషిణి వైపు తిరిగి, "నువ్వు మా బిందు మాదిరి చెయ్యబాకమ్మా, నిటారుగా దించు" అన్నాడు. ఆ పిల్ల బుద్ధిగా తలూపింది. ఒట్టూ లేదు, గిట్టూ లేదు అనుకున్నాను. గెడ లాక్కుని పిల్లలందరినీ ఇళ్లకు తరిమేశాను.

"బిందు నిటారుగానే దించింది అన్నా."

ఆయన నా మొహం చూశాడు.

"బోటు వంగకూడదు. అందుకే నీ అతుకు రాయిలాగా ఉంటుంది. గెడ పొడుగునా వంగాలి. నీ అతుకు దగ్గర వంగలేదు. ఆ బరువంతా పక్కనున్న జానెడు మీద పడింది. నీ అతుకు చెదరలేదు కాబట్టే అది విరిగింది."

ఫైబరు గురించి ఆ మనిషికి రెండోసారి చెప్పక్కర్లేదు. గెడ కొస ఒకటి నేలకు ఆనించి, రెండో కొస పట్టుకుని మెల్లగా వంచాడు. అతుకుకు అటూ ఇటూ వంగింది, అతుకున్న చోట కర్రలాగా నిలబడింది. వదిలేసి మళ్లీ వంచాడు. మూడోసారి వంచబోయి ఆగిపోయాడు.

"ఇది బిందుకి తెలుసునా?"

"తెలుసు."

"ఎగిరినాక తెలిసిందా, ముందే తెలుసునా?"

ఒక్క అబద్ధం ఆడితే పోయేది. నాకు ఆ క్షణంలో నోరు తిరగలేదు. "ముందే" అన్నాను.

"నాతో అనలేదే."

"నలుగురిలో నీ మాట తీసెయ్యలేకపోయింది."

ఆయన గెడను నేల మీద పడుకోబెట్టాడు. ఇసుకలో కూలబడి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. అంత పని తెలిసిన చేతులు నేను ఈ ఊళ్లో ఇంకెవరికీ చూడలేదు. నాకు ఆయన మీద కోపం మిగల్లేదు. కాసేపటికి లేచి, ఒంటికంటిన ఇసుకైనా దులుపుకోకుండా, ఇంటి నుంచి క్యారియరు తీసుకుని బస్సుకు పోయాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి బిందు కళ్లు తెరుచుకునే ఉంది.

"చెప్పేసినారు గదా మేడం."

"సుభాషిణి చేతికి ఇంకో గెడ ఇచ్చాడే. దానికీ అతుకు."

దుప్పటి కొస వేళ్లకు చుట్టుకుంటూ, "అయితే మంచి పనే చేసినారు" అంది. తర్వాత అంది: "నాయన రాత్రి అన్నం తెచ్చినాడు. గిన్నె నా చేతికిచ్చి, తలుపు బయట నిలబడుకున్నాడు. ఎంత పిలిచినా లోపలికి రాలా."