గోరువెచ్చగా ఆగిపోయిన కాఫీ

ఇవెట్ గాన్యన్ పొద్దుటి పనులకు ఒక వరస ఉంది. ముందు ఇనప పెనం వేడెక్కాలి, తర్వాత రాత్రంతా మగ్గిన బీన్స్ కుండ బయటికి రావాలి, ఆ తర్వాతే తన చిన్న ఫలహారశాల, ఆ డైనర్ తలుపు గడియ తియ్యడం. ఈలోపల ఆర్మాండ్ పెల్టియే వచ్చి మెట్టు మీద నిలబడి, టోపీతో నల్లఈగలు తోలుకుంటూ అద్దంలోంచి తొంగిచూస్తుంటాడు. ఏళ్ళ తరబడి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి. ఎండాకాలం వస్తే పొద్దుపోక రాజకీయాలు మాట్లాడతాడు. ఎన్నికల ఏడాదైతే ఇక పట్టపగ్గాలుండవు.

ఒక్క ఆర్మాండ్‌ని అనడం ఎందుకు, న్యూ హాంప్‌షైర్ అంతా అంతే. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే మొదటి ఓటింగు మా రాష్ట్రంలోనే కాబట్టి, అధ్యక్షుడు కావాలని కలగనే ప్రతివాడూ ముందు మా గుమ్మాలే తొక్కాలి. మా ఊరివాళ్ళు వాళ్ళతో చెయ్యి కలిపి, మళ్ళీ గుడ్లు తినడంలో పడతారు. చివరికి ఎవరు నిలబడతారో తెలుసుకోవడానికి మాకు ప్రసంగాలతో పని లేదు, ఇవెట్ కాఫీ చాలు.

ఆ డైనర్లో కౌంటర్ ముందు కూర్చున్నవాళ్ళలో పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడబోయే మనిషి ఉంటే, ఆ మనిషి కప్పులో కాఫీ చల్లారదు. ఎంతసేపు వదిలేసినా పొగలు కక్కుతూనే ఉంటుంది. ఉపాధ్యక్ష పదవికి నిలబడబోయే మనిషి కాఫీ మాత్రం గోరువెచ్చబడి అక్కడే ఆగిపోతుంది, వేడీ కాదు, చల్లనా కాదు. ఇవెట్ అత్తగారి కాలం నుంచీ ఇదే తీరు. పింగాణీ కప్పు అయితేనే లెక్క, కాగితం కప్పులో పట్టుకుపోతే కాదు. కాఫీ పోసినవాళ్ళే కప్పుకి వేలు ఆనించి చూసి సంగతి చెప్పాలి. పార్టీవాళ్ళు ఆ మాట దాటి ఎన్నడూ పోలేదు. ఊళ్ళో ఎవరికీ ఇదొక వింతగా తోచదు.

మొన్న చలికాలంలో సెనేటర్ హాల్డేన్ వచ్చి కూర్చుని, రైతులతో మాట్లాడుతూ కాఫీ సంగతే మరిచిపోయాడు. ఆయన వెళ్ళాక కూడా కప్పు పొగలు కక్కుతూనే ఉంది. మొదటి పేరు అలా తేలిపోయింది. ఇక రెండో పేరు కోసం ఊరు ఊరంతా కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. దక్షిణాది ఓట్లు కావాలి కాబట్టి జార్జియా ఆయన అని ఒకరు, సైన్యంలో చేసిన మనిషి కావాలి కాబట్టి కాన్సస్ ఆయన అని ఇంకొకరు. ఆర్మాండ్ అయితే రెండో పేరు పూర్తిగా తేలకముందే, నాలుగేళ్ళ తర్వాత ఆ రెండో మనిషి మొదటి మనిషై, తన పక్కన ఎవరిని నిలబెట్టుకోవాలో కూడా తేల్చేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

అందరి నోటా ఎక్కువగా నానే పేరు మాత్రం కొలెట్. కొలెట్ గాన్యన్ జనం ఓట్లేసి గెలిపించిన రాష్ట్ర గవర్నరు. ఇవెట్‌కి ఒక్కగానొక్క కూతురు.

"ఉపాధ్యక్ష పదవంటే తోడిపెళ్ళికొడుకు వేషం. కొత్త బట్టలు కడతారు, ఫొటోలో నిలబెడతారు, పెళ్ళి మాత్రం పక్కవాడికి" అన్నాడు ఆర్మాండ్.

"నోరు మూసుకుని తిను. మనూరి పిల్ల అంత దూరం వెళ్తే నీకెందుకు ఏడుపు?" అంది హేజల్ విట్‌కోంబ్. ఊరి జనన మరణాలు నమోదు చేసే హేజల్, ఈమధ్య మరణాలే రాస్తున్నానని తరచూ అంటుంటుంది. మా ఊరి ప్రసూతి వార్డు మూతబడ్డాక ఇక్కడ పిల్లలు పుట్టడం లేదు. నొప్పులు మొదలైన ఆడవాళ్ళని మంచులో కొండదారి దాటించి అవతలి ఊరికి తీసుకుపోవాలి. కొందరు దారిలోనే, కారు వెనక సీట్లో కన్నారు. కొలెట్ గవర్నరయ్యాక పోట్లాడి ఆ వార్డుకి మళ్ళీ ప్రాణం పోస్తోంది. కొత్త పైకప్పు వేశారు, ఇక నర్సులు రావాలి. కొలెట్ ఉపాధ్యక్ష పదవికి వెళ్ళిపోతే గవర్నరు కుర్చీ ఎక్కబోయే పెద్దమనిషి మాత్రం, పిల్లల్ని కనడానికి కార్లు లేవా అని అసెంబ్లీలోనే అన్నాడు.

ఇవెట్ ఈ మాటలన్నీ వింటూ ప్లేట్లు సర్దేది. ఆమె మనసులో ఉన్నది ఇంకోటి. భర్త లూసియన్ పోయిన రోజు కొలెట్ రాష్ట్రం ఆ చివర ఓట్లు అడుగుతోంది. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇవెట్ ఒక్క మాట అనలేదు, కానీ మరిచిపోనూ లేదు. రేపు తన పని కూడా అంతేనా అని భయం. వార్డు కోసమూ కాదు, ఊరి కోసమూ కాదు, తన కోసం కూతురు దగ్గరుండాలి. ఇది స్వార్థమని ఆమెకు తెలుసు, తెలిసి కూడా ఆ కోరిక తగ్గలేదు.

కొలెట్ గవర్నరైనప్పటి నుంచీ ఆ కౌంటర్ ముందు కూర్చోలేదు. వచ్చినా నిలబడే మాట్లాడి, కాగితం కప్పు పట్టుకుని కారెక్కేది. చిన్నప్పటి నుంచీ నిలకడ లేని పిల్లే కానీ, ఇది ఆ కప్పు ఏం చెబుతుందోనన్న జంకని అందరికీ తెలుసు. చివరికి హాల్డేన్ మనిషి ప్రూయిట్ అనేవాడు వారం రోజులు వెంటపడి, ఒక్క కప్పు తాగండి గవర్నర్ గారూ అని ఒప్పించాడు.

ఆ శనివారం డైనర్లో కాలు పెట్టడానికి చోటు లేదు. కొలెట్ వచ్చి స్టూలు మీద కూర్చుంది. మోకాలు ఆడుతూనే ఉంది.

"పోయవే అమ్మా" అంది, మెల్లగా.

ఇవెట్ పోసింది. ఇక ఎవరికీ తిండి మీద ధ్యాస లేదు. కొలెట్ నర్సుల జీతాల గురించి హేజల్‌తో ఏదో మొదలుపెట్టి మధ్యలోనే ఆపేసింది. ప్రూయిట్ మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకుంటున్నాడు. ఆర్మాండ్ కాఫీ చల్లారింది, హేజల్‌ది చల్లారింది, వాటి మీద పాలమీగడ తొరకలా కట్టింది.

ఇవెట్ చెయ్యి చాపి కూతురి కప్పుకి వేలు ఆనించింది. గోరువెచ్చగా ఉంది. పసిపిల్లకి స్నానం పోసే ముందు మోచెయ్యి ముంచి చూస్తే తగిలే వెచ్చదనం. ఆమె వేలు తియ్యలేదు, చల్లబడుతుందేమోనని ఇంకాసేపు ఉంచింది. చల్లబడలేదు.

అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. కొలెట్ చూడటం లేదు, కప్పునే చూస్తోంది.

"చల్లారిపోయింది" అంది ఇవెట్.

ఎవరో నిట్టూర్చారు. ప్రూయిట్ ముందుకు వంగి, ఒక్కసారి నన్ను చూడనివ్వండి అని చెయ్యి చాపాడు. వాడి చెయ్యి చేరేలోగా కొలెట్ కప్పు ఎత్తి, గుక్క తిప్పుకోకుండా అడుగు దాకా తాగేసింది. ఖాళీ కప్పుని సాసర్ మీద బోర్లించింది. మా డైనర్లలో కప్పు బోర్లిస్తే ఇక వద్దని అర్థం.

"అవును, చల్లారింది" అంది, ప్రూయిట్‌తో.

వాడు కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆగస్టులో పార్టీ సభలో హాల్డేన్ పక్కన కాన్సస్ ఆయన చేతులెత్తి నిలబడ్డాడు. ఆర్మాండ్ తాను ముందే చెప్పానన్నాడు. చెప్పలేదని హేజల్ ఇప్పటికీ పోట్లాడుతుంది.

ఆ వేసవంతా ఇవెట్‌కి నిద్ర లేదు. కూతురు కనిపెట్టిందా, లేక కంగారులో రుచే తెలియకుండా మింగిందా? కనిపెట్టి ఉంటే ఎందుకు అడగదు? కనిపెట్టకపోతే, ఒక మనిషి నుదుటిరాత తాను కౌంటర్ వెనక నిలబడి దొంగిలించినట్టే కదా? టీవీలో కాన్సస్ ఆయన కనిపిస్తే ఛానెల్ మార్చేసేది. కొలెట్ ఆదివారాలు వచ్చేది, ఎదురుగా కూర్చునేది, నర్సుల గురించి, ఉయ్యాల మంచాల గురించి చెప్పేది, ఆ సంగతి మాత్రం ఎత్తేది కాదు. ఎప్పుడు చూసినా టీయే అడిగేది.

చెట్లన్నీ ఎర్రబడ్డాక వార్డు తెరిచారు. ఆ మధ్యాహ్నం కొలెట్ ఒక్కతే డైనర్‌కి వచ్చి, అలిసిపోయినదానిలా స్టూలు మీద కూలబడి, కాఫీ ఇమ్మంది. ఇవెట్ పోసి వంటింట్లోకి వెళ్ళింది. కావాలనే ఆలస్యం చేసి వచ్చి కప్పుకి వేలు ఆనించింది. ఈసారి నిజంగానే చల్లారిపోయి ఉంది, ఆర్మాండ్ కాఫీలా, హేజల్ కాఫీలా, అందరి కాఫీలాగే. ఇన్నాళ్ళూ తాను కోరుకున్నది ఇదే. ఆ చల్లదనం వేలికి తగలగానే ఇవెట్‌కి దుఃఖం ఆగలేదు. వంటింట్లోకి తిరిగి వెళ్ళి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కొలెట్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎందుకే ఏడుస్తావు? చల్లారిందని నువ్వే కదా అన్నావు."

"అప్పుడు చల్లారలేదే తల్లీ."

"తెలుసమ్మా" అంది కొలెట్. "తాగింది నేనే కదా."