టిష్యూ ప్యాకెట్టు పెట్టిన కుర్చీ

ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టేసిన ఈశ్వరరావుకి సిడ్నీ వెళ్ళాలని పట్టుకుంది. చూసి రావడానికి కాదు, కంపెనీ టికెట్టు మీద, కంపెనీ ఇచ్చిన ఇంట్లో దిగడానికి. సైన్స్ పార్కులో ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇరవై మందితో మొదలైననాడు కేబుళ్ళు లాగింది అతనే. ఇప్పుడు మూడొందల మందయ్యారు. అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఒకడు టోక్యోలో, ఒకడు లండన్‌లో తేలారు. ఆశీర్వదించిన చెయ్యి మాత్రం తను కాపురముండే బూన్ లే పేట దాటలేదు.

సిడ్నీలో కొత్త ఆఫీసు పెట్టడానికి మనిషి కావాలి. ఎంచడానికి లండన్ నుంచి పెద్ద బాసు వస్తున్నాడు. పోటీలో ఇద్దరే: ఈశ్వరరావు, అతని మేనేజరు శ్రీనాథ్. ఈ రెండోవాడికి ఇరవై ఆరేళ్ళు, రెండు డిగ్రీలు.

"మీరూ అప్లై చేశారా అంకుల్! సూపర్ స్పిరిట్."

"ఏం బాబూ, విమానం డిగ్రీ చూసి ఎక్కిస్తుందా?"

"విమానం ఎక్కిస్తుంది అంకుల్. బాసే ఎక్కించడు."

కంపెనీలో వారానికి పదిమంది పెరుగుతున్నారు గాని కుర్చీలు పెరగడం లేదు. అందుకని తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్ అలవాటు ఆఫీసులోకీ వచ్చేసింది. కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు పెడితే చోప్ చేసినట్టే, అంటే ఆ సీటు పట్టేసుకున్నట్టే. పెట్టినవాడు తిరిగొచ్చేదాకా ఎంత పెద్దవాడైనా దాన్ని ముట్టుకోడు.

ఇంటర్వ్యూ రోజు ఈశ్వరరావు అందరికంటే ముందొచ్చి, మీటింగు గదిలో ఏసీ గాలి తగిలే కుర్చీ మీద ప్యాకెట్టు పెట్టి, తల దువ్వుకోవడానికి వెళ్ళాడు. వచ్చేసరికి నలిగిన చొక్కాతో ఓ తెల్లాయన అందులో కూర్చుని, అతని టిష్యూలతోనే ముక్కు చీదుకుంటున్నాడు. ఏసీ రిపేరువాడనుకున్నాడు ఈశ్వరరావు.

"హలో మిస్టర్! చోప్ లా! మై చైర్!" అన్నాడు, ఆ ఊరి వాడుక ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

"థాంక్యూ, బాగా జలుబు చేసింది," అన్నాడాయన ఇంగ్లీషులో.

"టిష్యూ నాట్ ఫర్ నోస్! ఫర్ చైర్!" అంటూ కుర్చీని వెనకనుంచి పట్టి వంచేశాడు. ఆయన లేచి నిలబడక తప్పలేదు.

సరిగ్గా అప్పుడే శ్రీనాథ్ తలుపు తీసి, "గుడ్ మార్నింగ్ సర్!" అన్నాడు. అన్నది ఈశ్వరరావుతో కాదు.

ఇంటర్వ్యూలో బాసు అడిగింది ఒక్క టిష్యూ సంగతే. మూడొందల మందిని నూట ఎనభై కుర్చీలతో గొడవ లేకుండా నడిపిస్తున్న ఆ పద్ధతి విని పడీపడీ నవ్వాడు. ఏదో రాసుకున్నాడు కూడా.

వారం తిరిగేసరికి శ్రీనాథ్‌కి సిడ్నీ వచ్చింది. "ఆశీర్వదించండి అంకుల్," అని వంగాడు. ఈశ్వరరావుకి ఒక డబ్బాడు విజిటింగ్ కార్డులొచ్చాయి: ఇంటర్నేషనల్ సీటింగ్ మేనేజర్. పని ఏమిటంటే సైన్స్ పార్కులోనే కూర్చుని, ఏ దేశంలో ఎన్ని కుర్చీలున్నాయో ఫోన్లో కనుక్కోవడం.

"ఇక్కడ కుర్చీలు బోలెడు అంకుల్," అన్నాడు సిడ్నీ నుంచి శ్రీనాథ్. "మనుషులే లేరు."

ఆ శనివారం బూన్ లే హాకర్ సెంటర్లో ఈశ్వరరావు జేబులో టిష్యూ ప్యాకెట్టు ఉండి కూడా, టేబుల్ మీద కార్డు పెట్టాడు, అక్షరాలు పైకి కనబడేలా. పళ్ళెంతో తిరిగొచ్చేసరికి వాళ్ళ బ్లాకులోనే ఉండే మంగతాయారు ఆంటీ అక్కడ కూర్చుని తింటోంది.

"ఆంటీ, ఇది నేను చోప్ చేసిన సీటు. కార్డు పెట్టాను కదా!"

"కార్డా? టేబులు ఊగుతోందని మడిచి దాని కాలికింద పెట్టాను లా. ఇన్నేళ్ళున్నావు, చోప్ అంటే టిష్యూ పెట్టాలని తెలీదా నీకు?"

ఈశ్వరరావు వంగి చూశాడు. ఇంటర్నేషనల్ నాలుగు మడతల్లో ఉంది. ఆంటీకి ఎదురుగా చోటు చేసుకుని కూర్చున్నాడు.

టేబులు మాత్రం ఊగలేదు.