పొదుగులో సగం

ఆ ఏడు చికున్‌గున్యా మా ఊరిని చితక్కొట్టి పోయింది. అది రెండు వేల ఆరు. చౌడేపల్లె చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా గోడ పట్టుకుని నడిచేవాళ్ళే. మా అత్త గంగులమ్మ కర్ర పట్టుకుంది. మా ఆయన మునిరత్నం చెప్పు తొడుక్కోవడానికి కూడా ఇంకొకరి భుజం అడిగాడు. కోతలు వచ్చేసరికి అందరూ లేచారు. అత్త కర్రను అటక మీద పడేసింది. నేనొక్కదాన్నే లేవలేదు.

లేవలేదంటే మంచానికి అతుక్కుపోయానని కాదు. అదీ ఒక తీరుగా నయమే, చూసేవాళ్ళకైనా నమ్మకం కుదురుతుంది. నా జబ్బుకు ఆ మర్యాద కూడా లేదు. ఒక రోజు లేచి ఇల్లు ఊడ్చి, కొట్టం కడిగి, పాలు పిండి సెంటరులో పోసి వస్తాను. మరుసటి రోజు చెంబు ఎత్తుదామంటే చెయ్యి రాదు. ఒళ్ళు బండలా పడి ఉంటుంది గానీ, మనసు మాత్రం కట్టు తెంపుకున్న దూడలాగా ఇల్లంతా గంతులేస్తుంటుంది. ఆవు అరిస్తే, నీళ్ళు పెట్టారో లేదో. క్యాను చప్పుడైతే, పాలు వడగట్టారో లేదో. నిద్ర పోయి లేస్తే పోయేముందు కంటే ఎక్కువ అలసట.

మదనపల్లెకు పోయి పెద్ద డాక్టర్లకు చూపించుకున్నాం. రక్తం, మూత్రం, గుండె పటం అన్నీ తీశారు. అన్నీ నార్మల్. నార్మల్ అన్నది అంత చెడ్డ మాటని నాకు అప్పటిదాకా తెలియదు. బస్సు ఊరు చేరకముందే మా అత్త తీర్పు చెప్పేసింది.

“కాగితంలో ఏమీ లేకపోతే ఒంట్లో ఏముంటాది? పని కాడ మాత్రం వస్తాది ఈ జబ్బు.”

నాకు ఒళ్ళు మండింది. మండిన ఒళ్ళు కూడా లేవలేదు, అది వేరే సంగతి.

అప్పటి నుంచి నా వైద్యం నేనే మొదలుపెట్టుకున్నాను. పుంగనూరులో బలానికని సెలైను ఎక్కించుకున్నాను. మా వైపు అదొక నమ్మకం, సీసా ఎక్కితే ముసలమ్మ కూడా లేచి పరుగెత్తుతుందని. బి-కాంప్లెక్సు మాత్రలు మింగాను. అశ్వగంధ లేహ్యం నాకాను. ఉలవలు ఉడికించి ఆ కట్టు తాగాను. మా చిన్నాన్న కోడలు లక్ష్మీప్రియ ఏదో చైన్ బిజినెస్‌లో చేరి, సముద్రాల అవతలి పండు రసమని ఒక నల్లసీసా తెచ్చి ఇచ్చింది. “ఇది తాగినాక పక్షవాతమొచ్చినాయన ట్రాక్టరు తోలతాండాడు వదినా,” అంది. చింతపండు పులుసులో ఇంత బెల్లం వేస్తే అదే రుచి. అయినా సీసా అడుగుదాకా తాగాను.

వింత ఏమిటంటే ప్రతి ఒక్కటీ పనిచేసింది, కొద్ది రోజులు. ఆ కొద్ది రోజుల్లో నేను ఆగేదాన్ని కాదు. పడుకున్నప్పటి పనంతా ఒక్కపూటలో తీర్చేయాలి, అదీ మా అత్త కళ్ళ ముందు తీర్చేయాలి. పేడ ఎత్తి, గడ్డి కోసి, కుడితి తొట్టి రుద్ది రుద్ది కడిగి, మర్నాటికి పడిపోయేదాన్ని. మందుకు సత్తువ లేదని తిట్టుకుని ఇంకో మందు వెతికేదాన్ని.

మా తమ్ముడు చైతన్యకు కుప్పంలో ఉద్యోగం. వాడు పట్టుబట్టి అక్కడ ఒక డాక్టరమ్మకు చూపించాడు. పేరు మెర్లిన్. ఆమె నేను చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా వింది.

“ఇది మీ ఊహ కాదమ్మా. దీనికి పేరుంది, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారు. కొందరికి జ్వరం పోయినా అలసట పోదు.”

నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు తుడుచుకుని మందు రాయమన్నాను.

“దీన్ని పోగొట్టే మందు ఇంకా లేదు. బాగున్న రోజు కూడా పని సగంలో ఆపండి. అలసిపోయాక కాదు, అలసిపోకముందే కూర్చోండి.”

కన్నీళ్ళు అక్కడికక్కడే ఇంకిపోయాయి. రెండు బస్సులు మారి ఇంతదూరం వచ్చింది కూర్చోమని చెప్పించుకోవడానికా? తిరుగు దారిలో పలమనేరులో దిగి ఇంకో రకం విటమిన్లు కొనుక్కున్నాను.

మాకు రెండు ఆవులు. అందులో నల్లమచ్చ నాది. నుదుట మచ్చ ఉన్న జెర్సీ ఆవు. పుట్టిన వారానికే తల్లి చచ్చిపోతే, నా వేలు దాని నోట్లో పెట్టి బకెట్లో పాలు తాగడం నేర్పాను. ఇప్పటికీ నేను కూర్చుంటేనే చేపి పాలు వదులుతుంది, ఇంకొకరు ముట్టుకుంటే పాలు ఎగబట్టుకుంటుంది. అప్పుడది చూలుతో ఉంది.

“ఈనినాక అమ్మేద్దాం,” అన్నాడు మునిరత్నం ఒకరోజు అన్నం తింటూ. “దూడతో అయితే మంచి రేటు వస్తాది. దళారి నల్లప్పకు చెప్పినా.”

“నేను సూసుకుంటాండా గదా.”

“యాడ సూసుకుంటాండావు? నీకు చేతనైన రోజు పిండుతావు, కాని రోజు అది అరస్తా ఉంటాది. నాకు పొలం ఉండాది. అమ్మకు సేతులు నొప్పి. ఎవురు పిండాల?”

కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. ఆయన నెమ్మదిగా అన్నాడు. నల్లమచ్చ పోతే ఆ ఇంట్లో నాకు మిగిలేది మంచమొక్కటే. అది ఈనేలోగా నేను లేవాలి, ఎలాగైనా లేవాలి అనుకున్నాను. పలమనేరు విటమిన్లు అయిపోయాయి. నేను లేవకముందే అది ఈనింది.

పెయ్యదూడ. మరుసటి పొద్దుకు నల్లమచ్చ కూలబడింది. మెడ డొక్క వైపు తిప్పుకుని, చెవులు చల్లబడి, ఎంత లేపినా లేవదు.

“నా తల్లీ, నా బంగారూ, ఏమాయనే నీకు,” అని అత్త గోనెపట్ట తెచ్చి కప్పి, దాని ఒళ్ళంతా నిమిరింది. దాన్ని ఎవ్వరూ సోమరిది అనలేదు. లేవకుండా నాటకమాడుతోందని అనలేదు. నేను గుంజకు ఆనుకుని చూస్తున్నాను. నాకు ఆ ఆవు మీద బెంగ, అసూయ రెండూ ఒకేసారి కలిగాయి.

పశువుల డాక్టరు రాజగోపాల్ చౌడేపల్లె నుంచి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. పాలజ్వరం అన్నాడు. పేరుకే జ్వరం. ఈనగానే ఒంట్లోని కాల్షియమంతా పాలలోకి పోయి, ఆవు నిలబడలేదట. సీసా ఎత్తి పట్టుకుని మెడనరంలోకి మెల్లగా ఎక్కించాడు. కాసేపటికి దాని ఒళ్ళు వణికింది. త్రేన్చింది. వెనక కాళ్ళు కూడదీసుకుని లేచి నిలబడింది.

“పెద్దమ్మా, ఇప్పట్లో పూర్తిగా పిండగాకండి,” అన్నాడు డాక్టరు మా అత్తతో. “సగం పొదుగులోనే ఉండనీండి. బాగానే ఉండాదని ఆశపడి కడదాకా పిండితే మళ్ళా పడతాది.”

ఆవుకు నోట్లో పోయమని ఒక పెద్ద సీసా కాల్షియం టానిక్కు ఇచ్చి పోయాడు. ఆయన మాట అత్త విన్నది. నేను సీసా చూశాను. పడ్డది లేచింది, నా కళ్ళ ముందే లేచింది. మనుషుల మందులు నాకు పనిచేయనప్పుడు ఆవు మందు పనిచేయకూడదని ఎక్కడుంది? అత్త పెరట్లోకి పోగానే లోటాలో పోసుకుని తాగాను. సున్నపు నీళ్ళలో చక్కెర కలిపినట్టుంది. ఆ రోజు నుంచి ఆవుకు పోసినప్పుడల్లా నేనూ తాగాను.

లేచాను కూడా. నల్లప్ప వస్తున్నాడని కబురు వచ్చింది. ఇంక నన్ను ఆపేదెవరు? కొట్టానికి సున్నం కొట్టాను. గడ్డివామి సర్దాను. అత్త నోరు తెరుచుకుని చూసింది. మర్నాడు బకెట్ పట్టుకుని నల్లమచ్చ దగ్గరకు వంగానో లేదో, కడుపులో మెలిపెట్టింది, కాళ్ళు నావి కాకుండా పోయాయి. దాని కాళ్ళ దగ్గరే కూలబడ్డాను. పాపం, అది కదలకుండా నిలబడింది.

బకెట్ చప్పుడుకు అత్త వచ్చింది. నన్ను చూసింది, గోడవార ఉన్న లోటా తీసి వాసన చూసింది.

“ఆవు మందు తాగినావా మే?”

అబద్ధమాడే ఓపిక కూడా లేదు. “అది లేసింది గదత్తా. నేనూ లేస్తానని.”

తిట్టింది. నోరారా తిట్టింది. తిట్టి తిట్టి, నా పక్కనే ఆ పేడలో కూర్చుని, ఆవుకు చూసినట్టే నా చెవి పట్టుకుని చూసింది. “సల్లగా ఉండాది,” అంది. నల్లమచ్చకు కప్పిన గోనెపట్ట తెచ్చి నా భుజాల చుట్టూ కప్పింది. నాకు అప్పుడు వచ్చిన ఏడుపు కుప్పంలో కూడా రాలేదు.

“ఆ కుప్పం డాక్టరమ్మ ఏం సెప్పిందన్నావు?”

“బాగున్న రోజు కూడా సగంలో ఆపమనింది.”

అత్త పొదుగు వైపు చూస్తూ కూర్చుంది.

నల్లప్ప వచ్చేసరికి నేను వసారాలో మంచం మీద ఉన్నాను. ఆయన ఆవు చుట్టూ తిరిగి, పళ్ళు చూసి, పొదుగు తడిమి, భుజం మీది తువ్వాలు తీసి మునిరత్నం చేతి మీద కప్పాడు. సంతలో బేరం అలాగే. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని రేటు చెప్పుకుంటారు, పక్కవాళ్ళకు తెలియదు. వేళ్ళు కదలడం నాకు మంచం మీది నుంచి కనిపిస్తూనే ఉంది. నా గుండె ఆ తువ్వాలు కిందే ఉన్నట్టుంది.

అత్త పోయి తువ్వాలు లాగేసింది.

“దీన్ని ఇప్పుడు కడదాకా పిండకూడదు నల్లప్పా. కొన్నోడు సగంలో ఆపుతాడా?”

“పాలకే గదక్కా కొనేది. యాల ఆపుతాడు?”

“అందుకే అమ్మేది లేదు.”

మునిరత్నం తల పట్టుకున్నాడు. “ఎవురు పిండతారమ్మా? నీ కోడలికా, లేసే ఓపిక లేదు. నీకా, సేతులు నొప్పి.”

“కోడలి చేతికి ఆవును చేపనీ. పిండాల్సిన దాంట్లో సగం అది పిండతాది, తక్కింది నేను పిండతా.”

“నొప్పి?”

“నా నొప్పి ఏ కాగితంలో సూసినావురా?” అంది అత్త. “నొప్పంటే నమ్మినావు గదా.”

ఆయన నా వైపు చూశాడు. నల్లప్ప తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు.

మళ్ళీ నేను కొట్టంలోకి పోయిన రోజు ఒళ్ళు తేలిగ్గా ఉంది. దూడను విడిచి, లాగి కట్టి, కూర్చున్నాను. నల్లమచ్చ చేపింది. పాలు బకెట్లో జుయ్యి జుయ్యిమంటూ నురగ కడుతున్నాయి. చేతులు వాటంతటవే ఆడుతున్నాయి, ఇంకా, ఇంకా అంటున్నాయి. ఇంతలో భుజం మీద అత్త చెయ్యి పడింది.

“లెయ్యి.”

“ఇంకా ఓపిక ఉండాదత్తా.”

“ఉండాది కాబట్టే లెయ్యమంటాండా.”