అంచుదాకా పోసిన ఆయిలు

విశాఖపట్నంలో క్లచ్ తొక్కకుండా గేరు మార్చగల డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు ఎల్లాజీ. అంటే నేనే. ముప్ఫై అయిదేళ్లు ఫిషింగ్ హార్బరులో ఐసు లారీ తోలాను. ఇంజను మూలుగు వింటే చాలు, దానికి ఏ గేరు కావాలో నాకు తెలిసిపోయేది. ఎడం కాలు మడిచి సీటు మీద పెట్టుకుని, ఒంటి చేత్తో గేరు వేసేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక్క క్లచ్ ప్లేటు కాల్చి ఎరగను. పూడిమడక బడిలో అయిదో తరగతితో చదువుకు దండం పెట్టేసినవాణ్ణి, ఇంతకంటే గొప్ప చదువు ఇంకెక్కడుంటుంది చెప్పండి!

ఇక కథలోకి వస్తాను. మా ఇల్లాలు చిట్టమ్మ ముప్ఫై ఏళ్లుగా తల మీద తట్ట పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలు అమ్మింది. పోయిన ఏడు ఆవిడ మెడ పట్టేసింది. ఎముక అరిగిపోయిందనీ, ఇక తల మీద బరువు ఎత్తొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎత్తకపోతే ఇల్లు గడిచేదెలా? అప్పుడు తగరపువలసలో భోజన హోటలు నడిపే కృష్ణంరాజు ఒక మాట అన్నాడు.

"మూడు రోజులు వరసగా చూస్తానమ్మా. పొద్దున్న ఏడు లోపల తాజా చేప నా వంటింటి గుమ్మంలో దిగాలి. దిగిందా, ఇక రోజూ నీ దగ్గరే. ఒక్క రోజు ఆలస్యమైనా ఐసు పెట్టెలవాళ్లకి ఇచ్చేస్తాను. తర్వాత నన్ను అనొద్దు."

అదీ సంగతి. ఆ మూడు రోజులూ గట్టెక్కితే చిట్టమ్మ తట్ట దించేయొచ్చు. లేకపోతే మళ్లీ వీధులే, మళ్లీ ఆ మెడే. ఉన్నదంతా ఊడ్చి ఒక పాత డబ్బా వ్యాను కొన్నాం. డ్రైవరు ఎవరన్నది వేరే చెప్పాలా?

మొదటి రోజుకి ముందు సాయంత్రం నేనొక మంచి పని చేశాను. మా గంగపుత్రుల్లో ఒక పట్టింపు ఉంది. వేటకు వెళ్లే బోటులో డీజిలైనా, తాగే నీళ్లైనా, ఇంజను ఆయిలైనా అంచుదాకా నింపందే తాడు విప్పరు. సగం డబ్బాతో వెళితే సగం వలే తిరిగొస్తుందని మా నాయన అనేవాడు. చిట్టమ్మ మొదటిసారి ఇంత పెద్ద బేరానికి వెళ్తోంది కదా, వెలితితో పంపుతానా? ఆ వ్యానుకు ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తి, మూత విప్పి, మా బావమరిది బోటుకోసం తెచ్చుకున్న ఆయిలు డబ్బా వంచాను. మూతి దగ్గర ఆయిలు తళతళమని కనిపించేదాకా పోశాను. మూడు లీటర్లు పట్టే కడుపులో అయిదు పట్టింది. ఎంత చల్లని కడుపో అనుకుని మురిసిపోయాను.

మొదటి రోజు హనుమంతవాక దగ్గరికి వచ్చేసరికి వెనక నీలంగా పొగ మొదలైంది. దోమల మందు బండి వచ్చిందనుకుని జనం తలుపులు బార్లా తీసి, "బాబూ, మా పెరట్లో కూడా ఓసారి కొట్టండి" అని కేకలేశారు. కాదనలేక రెండు వీధుల్లో కొట్టి మరీ కదిలాను. ఆ వారమంతా అక్కడ ఒక్క దోమ లేదట.

"ఏటి మావా, ఈ పొగ?" అంది చిట్టమ్మ.

"కొత్త ఆయిలు తాగింది కదే, మురిసిపోతంది."

ఎలాగైతేనేం, ఏడుకు ఇంకా పావుగంట ఉందనగా చేరాం. ఒక రోజు గెలిచాం.

రెండో రోజు ఎండాడ ఎక్కుడు దగ్గర బండి అసలు బుద్ధి చూపించింది. ఇంజను కలకత్తా వెళ్తున్నంత హడావిడి చేస్తోంది. చక్రాలకు మాత్రం ఆ కబురే అందలేదు. నేను తొక్కినకొద్దీ అరుపు పెరిగింది, నడక తగ్గింది. కాలిన గోనెసంచి కంపు ఒకటి. టైము ఆరైపోయింది.

"బరువెక్కువైనట్టుంది" అన్నాను.

చిట్టమ్మ దిగింది. ఉన్న రెండు తట్టల్లో వంజరం చేపలున్న పెద్దది లాగి నెత్తికెత్తుకుంది. మెడ సంగతి గుర్తు చేద్దామని నోరు తెరిచాను గాని, ఆవిడ చూపు చూసి మూసేశాను. ఆవిడ ముందు నడిచింది. వెనక నా బండి, దూడలాగా. పక్కనుంచి పోతున్న లారీ డ్రైవరు తల బయటపెట్టి, "తాతా, మామ్మని లిఫ్ట్ అడక్కపోయావా!" అని అరిచి వెళ్లాడు. ఎక్కుడు పైకి ఆవిడే ముందు చేరింది. అక్కడ తట్ట దించి బండెక్కాక, అవతలి దిగుడులో ఎలాగో ఈడ్చుకుంటూ పోయాం.

హోటలు గుమ్మంలో చేపలు దిగేసరికి ఏడుకు రెండు నిమిషాలు. కృష్ణంరాజు గడియారం చూశాడు, పొగ చూశాడు, "రేపొక్కటి" అని వేలు చూపించి లోపలికి పోయాడు.

తిరుగు దారిలో చిట్టమ్మ మెడ పట్టుకునే కూర్చుంది. ఆ చెయ్యి చూశాక నాకు పరాచికాలు రాలేదు. కంచరపాలెం దాకా రాలేదు.

వన్ టౌన్‌లో ఒక సందు చివర కరీం బాషా షెడ్డు ఉంది. నా ఈడువాడే. మోకాళ్లు పోయాక కుర్చీలో కూర్చుని పెత్తనం చేస్తాడు. పనంతా కూతురు ఉజ్మాది. పాలిటెక్నిక్ చదివింది, గేర్‌బాక్సు పని మాత్రం తండ్రి దగ్గరే నేర్చుకుంది.

"ఏం బావా, ఇయ్యాల ఇంజను ఏటి పాడింది నీకు?" అన్నాడు కరీం.

"క్లచ్ జారతంది బావా. ముందు అమ్మినోడు నాసిరకం ప్లేటు యేసుంటాడు."

ఉజ్మా సీటు ఎత్తింది. ఆయిలు ఎంతుందో చూసే డిప్‌స్టిక్కు లాగి, తుడిచి, మళ్లీ ముంచి తీసింది. దాన్ని నా కళ్ల ముందు పెట్టింది.

"తాతా, దీని మీద రెండు గీతలున్నాయి, సూసినావా?"

"సూసినాను."

"ఆయిలు ఆ రెండిటి మధ్యన ఉండాల. ఎక్కడుంది?"

"కూసింత పైన."

"పిడి దాకా ఉంది తాతా! ఇది ఇంజనా, ఆవకాయ జాడీయా?"

చిట్టమ్మ నా వైపు తిరిగింది. "మావా, అంచుదాకా పోసీసినావా?"

"మంచి రోజు కదే. ఖాళీగా ఎల్తే..."

"ఓలమ్మో! నా కొంప ముంచినావు కదయ్యా! మంచి రోజని నన్ను ఎండాడ ఎక్కుడు ఎక్కించినావా?"

కరీం బాషా నవ్వు ఆపుకోలేక కట్టుడు పళ్లు చేత్తో పట్టుకున్నాడు. ఉజ్మా మాత్రం నవ్వలేదు. చిట్టమ్మకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పింది. ఆయిలు మోతాదు మించితే, లోపల గిరగిరా తిరిగే ఇనుము దాన్ని చిలికి నురగ చేస్తుంది. ఒత్తిడి పెరిగి, ఇంజను వెనక ఉండే రబ్బరు సీలును తన్నుకుని ఆయిలు బయటికి వస్తుంది. దాని పక్కనే క్లచ్ ఉంది.

"నూనె సేత్తో బతికున్న సేపని పట్టుకో మామ్మా. ఆగుతాదా? ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్యన పట్టు అట్టా జారిపోయింది."

"మరి రేపటికి అవుతాదా తల్లీ? రేపు పోతే నాకిక ఈ బేరం నేదు."

ఉజ్మా గోడ మీద గడియారం చూసింది. "సీలు దొరికితే సాయంత్రానికి అవుతాది. తాత ఏదీ ముట్టుకోకుండా ఉంటే ఇంకా ముందే అవుతాది."

నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి గేర్‌బాక్సు కిందికి దిగింది. ఉజ్మా ప్లేటు బయటికి తీసి, ఆయిలు ఓడుతున్న దాన్ని వెలుగులో తిప్పి చూసింది. తర్వాత వెళ్లి పెడళ్లు చూసి వచ్చింది.

"సగం తప్పు ఆయిలుది. మిగతా సగం కాలిది. బ్రేకు రబ్బరు కొత్త పెళ్లికూతుర్లా ఉంది, క్లచ్ రబ్బరు బోడిగుండైపోయింది. నీ ఎడం కాలు క్లచ్ మీదే కాపురం పెట్టినాది కదా తాతా?"

"నాను క్లచ్ తొక్కకుండానే గేర్లు..."

కరీం బాషా కర్రతో గోడ చూపించాడు. మేకులకు గుండ్రంగా ఆరు పాత ప్లేట్లు వేలాడుతున్నాయి. "అయ్యన్నీ మా బావ ఐసు లారీవే అమ్మా. కొత్తగా వచ్చినోళ్లు ఇష్ణుసక్రాలనుకుని దండం పెట్టుకుంటన్నారు."

సరే, మొదట్లో చెప్పినదాన్ని ఇక్కడ కాస్త సవరిస్తాను. క్లచ్ తొక్కకుండా గేరు మార్చగలనని అన్నాను కదా. క్లచ్ మీంచి కాలు తీయకుండా ముప్ఫై అయిదేళ్లు బండి తోలగలనన్నది అసలు సంగతి. ప్లేటు కాల్చి ఎరగనన్నది కూడా కొంచెం తేడా. ఆరు కాల్చాను. అది కూడా, కరీం గోడ మీద ఉన్నవే లెక్కపెడితే.

సీలు మూడో దుకాణంలో దొరికింది. ఉజ్మా వ్యాను కింద వెల్లకిలా పడుకుని కొత్త సీలు కూర్చింది, కొత్త ప్లేటు బిగించింది. గేర్‌బాక్సు తిరిగి ఎక్కించాక నన్ను పిలిచింది.

"తాతా, ఇటు రా. నీకు అంచుదాకా పోయాలని సెయ్యి దురదగా ఉంది కదా? ఇదిగో, ఇక్కడ పొయ్యి."

గేర్‌బాక్సు పక్కన ఒక కన్నం ఉంది. దానికి వేరే ఆయిలు. కొలిచే పుల్ల ఉండదు. కన్నం అంచు తాకి ఒక్క చుక్క బయటికి కారేదాకా పోయాలి. అదే దాని కొలత! నేను మోకాళ్ల మీద కూర్చుని పోశాను. అంచు నిండి చుక్క కారింది. వెలితి పడ్డ పట్టింపు సగం తీరింది. ఇంజను దగ్గరికి మాత్రం ఉజ్మా నన్ను రానివ్వలేదు. తనే కొలిచి పోసి, పుల్ల మీద రెండు గీతల మధ్య ఆయిలు చూపించింది.

"సగమే ఉందే గుంటా!"

"సగం కాదు తాతా, సరిగ్గా ఉంది."

ఆ రాత్రి నేను నిద్రపోయాను గాని నా చెయ్యి నిద్రపోలేదు. సరిగ్గా ఉందట! కడపటి రోజు, గెలుపో ఓటమో తేలే రోజు, వెలితి ఇంజనుతో వెళ్లడమా? ఒక్క గ్లాసుడు పోస్తే ఏం పోయింది? తెల్లవారుజామున నాలుగింటికి ఆయిలు డబ్బా తువ్వాలు కింద దాచుకుని బండి దగ్గరికి వెళ్లాను.

ఇంజను మూత ఉన్న సీటు మీద చిట్టమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"ఏటే, ఇక్కడ కూకున్నావు?"

"మూడింటి నుంచి కూకున్నాను. ఆ తువ్వాల కింద ఏటి?"

"సల్లగా ఉందని కప్పుకున్నాను. ఓపాలి లెగు, సీటు తుడుత్తాను."

"నాను లెగను. నువ్వెల్లి తట్టలు ఎక్కించు."

"సముద్రం మీదకి ఎల్లేటప్పుడు వెలితి ఉండకూడదే..."

"మనం సముద్రం మీదకి ఎల్లటం నేదు మావా. తగరపువలస ఎల్తన్నాం."

డబ్బా తీసుకెళ్లి మళ్లీ ఇంట్లో పెట్టేశాను. హార్బరులో చేపల వేలంపాటకు కూడా ఆవిడ దిగలేదు. సీటు మీదినుంచే వేలెత్తి చందువాలు, వంజరాలు పాడింది. తట్టలు నేనే మోసి, నడుం పట్టేసిందని మూలిగాను.

దారి పొడుగునా ఎడం కాలిని నేల మీదే ఉంచమని ఉజ్మా చెప్పింది. గేరు మార్చేటప్పుడు తొక్కాలి, వెంటనే తీసేయాలి. ఆ కాలికి అది ముప్ఫై అయిదేళ్ల పుట్టిల్లాయె, ఊరికే ఉంటుందా? అది క్లచ్ మీదకు పాకినప్పుడల్లా చిట్టమ్మ నా తొడ మీద గిల్లింది. హార్బరు గేటు దగ్గర ఒకటి, మద్దిలపాలెంలో మూడు, మధురవాడ దాటేసరికి మొత్తం పదకొండు గిల్లుళ్లు. ఎండాడ ఎక్కుడు మాత్రం మా బండి కిక్కురుమనకుండా ఎక్కేసింది. పొగ లేదు, కంపు లేదు. హనుమంతవాక జనం మళ్లీ మందు కొడతామేమోనని తలుపులు తీసి, నిరాశగా మూసుకున్నారు.

ఆరూ ఇరవై అయిదుకి కృష్ణంరాజు గుమ్మంలో ఉన్నాం. ఆయన పళ్లు తోముకుంటున్నాడు. నోట్లో పుల్లతోనే వచ్చి, వంజరం మొప్ప ఎత్తి చూశాడు. ఎర్రగా ఉంది. కన్ను నొక్కి చూశాడు. మెరుస్తోంది. పుల్ల తీసి ఉమ్మేసి, "రోజూ తెండమ్మా" అన్నాడు. "శుక్రవారం మాత్రం రెట్టింపు."

చిట్టమ్మ బండి దగ్గరికి వచ్చి, తట్ట కింద నెత్తి మీద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు తీసింది. దాన్ని నా సీటు మీద పరిచి చేత్తో తట్టింది.

"కూకో మావా. నడుం నొప్పన్నావు కదా. నాకింక దీంతో పని నేదు."

ఇదంతా అక్షరాలా జరిగిందే. దోమల సంగతి కూడా. ఒక్క గిల్లుళ్ల లెక్కే నేను కల్పించాను. నిజానికి చిట్టమ్మ గిల్లింది ఒకటే, హార్బరు గేటు దగ్గర. మూడింటి నుంచి కాపలా కాసిన మనిషి కదా, మద్దిలపాలెం రాకముందే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఎండాడ ఎక్కుడులో ఇంజనుకు పోటీగా గురక కూడా పెట్టింది. అంత ముఖ్యమైన రోజున తను నిద్రపోయిందని ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు దాటలేక, మిగతా పది గిల్లుళ్లూ నేనే అల్లాల్సి వచ్చింది.