గాజు విరగలేదు

భూకంపం వచ్చిననాడు ఇళ్ల తలుపులు బార్లా వదిలేసి పరిగెత్తాం. అప్పటినుంచీ బడి మైదానంలోనే మా కాపురం.

మా అమ్మాయి ఇంజనీరు. ఏ ఇల్లు భద్రమో చూసి గేటుకు కాగితం అంటించడం దాని పని. ఆకుపచ్చదైతే లోపలికి వెళ్లొచ్చు, ఎర్రదైతే అడుగు పెట్టకూడదు. మా మూడంతస్తుల భవనం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మా గుమ్మం ఎదుట మెట్ల స్తంభం పగిలింది. ఆ పగులు మీద అడ్డంగా సన్నని గాజుపట్టీ అతికించి వచ్చింది. పగులు పెరిగితే గాజు విరుగుతుందట.

ఈ పొద్దున అది చూడ్డానికి వెళ్తుంటే నేనూ వెంటపడ్డాను. కన్నపిల్ల ఒక్కతే ఆ కప్పు కిందకు వెళ్తుంటే నా ప్రాణం ఊరుకుంటుందా?

"రా. కానీ గడప దాటావంటే ఊరుకోను," అంది.

వీధిలో అందరూ మూటాముల్లెతో కాచుకుని ఉన్నారు. పైవాటా టైలరు నన్ను చూసి నవ్వాడు. "అక్కయ్యగారూ, మీరు భయపడని రోజొకటి చెప్పండి. ఆ రోజు మేం పారిపోతాం!"

గాజు చెక్కుచెదరలేదు. అమ్మాయి మొహం విప్పారింది. సంచీలోంచి ఆకుపచ్చ కాగితం తీసింది.

నేను మా గుమ్మంలో నిలబడ్డాను. వీధి తలుపు మెల్లగా నా భుజానికి తగిలింది. ఎక్కడ వేసుకుపోతుందోనని ఒక చెప్పు విప్పి దాని కింద దోపాను. అంతలో లోపల పడకగది తలుపు కదిలింది. గాలి లేదు. ఎవరో చంటిపిల్లను నిద్రపుచ్చి వేస్తున్నట్టు, చప్పుడు లేకుండా మూసుకుంది.

"బుజ్జీ, లోపలెవరో ఉన్నారే!"

"మొదలెట్టావా అమ్మా?" అంటూ వెళ్లి తలుపు తీసింది. వదిలింది. ఆ తలుపు మళ్లీ వచ్చి అమ్మాయి చేతిని తాకింది. అమ్మాయి మొహంలో నవ్వు ఆగిపోయింది. బరువు కట్టిన దారం తీసి గుమ్మం పక్కన వేలాడదీసింది. పైన గుమ్మం చెక్కను ఆనుకున్న దారం కిందికి వచ్చేసరికి దానికి రెండు వేళ్ల దూరం జరిగింది.

"పగులు పెరగలేదమ్మా," అంది గొంతు తగ్గించి. "ఇల్లు మొత్తం ఒక్కముక్కగా ఒరుగుతోంది. అందుకే గాజు విరగలేదు. నడు. పరిగెత్తకు."

గేటుకు ఎర్ర కాగితం అంటించింది.

"నా మిషను లోపలే ఉందమ్మా," అన్నాడు టైలరు.

"ఉండనీ బాబాయ్. మీరు బయటున్నారుగా."

అప్పుడు పైఅంతస్తులో ఒక తలుపు పడింది. కాసేపటికి దాని పక్కది. ఆ తర్వాత కింది అంతస్తువి. ఎవరో తొందర లేకుండా ఇంటింటికీ వెళ్లి వేసుకొస్తున్నట్టు. అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. లోపల ఉండిపోయినవాళ్లెవరూ లేరు.

చివరికి మా తలుపు కూడా పడింది. నేను దోపిన చెప్పు గడప ఇవతల బోర్లా పడి ఉంది.

దేనికీ జంకని మా అమ్మాయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ చెప్పు తెస్తానని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. ఒంటి చెప్పుతోనే మైదానానికి నడిచాను.