స్వెటర్ బాకీ

దేవుడు కొండను మొత్తం అందరి కోసం చేశాడా, లేక సగం అందరికీ ఇచ్చి పై సగం మగవాళ్ళకి రాసిచ్చాడా అన్న సందేహం అనాయేలికి పదకొండేళ్ళుగా ఉంది. పాస్టరు గారిని అడగాలని చాలా ఆదివారాలు అనుకుంది. ప్రార్థన అయ్యాక ఆయన గుమ్మంలో నిలబడి అందరికీ చెయ్యి కలుపుతుంటే, తన వంతు వచ్చేసరికి వెనకవాళ్ళు తోస్తుండేవాళ్ళు. "ఇంట్లో అందరూ బాగేనా, మామా ఉపెండో?" అని ఆయనే అడిగేవాడు. "దేవుడి దయండీ" అని వచ్చేసేది. మామా అంటే వాళ్ళ భాషలో అమ్మ; పెద్దపిల్ల ఉపెండో పుట్టాక ఊళ్ళో ఎవరూ ఆమెను సొంత పేరుతో పిలవలేదు. ఇంటికొచ్చి అరటికాయల తొక్క తీస్తూ మళ్ళీ అదే ఆలోచించేది.

పదకొండేళ్ళుగా ఆమె కిలిమంజారో ఎక్కుతోంది. ఎక్కడమంటే, చివరి బస దాకా. అడవి అంచున గేటు దగ్గర తూకం వేసి, మనిషికి ఇరవై కిలోలు నెత్తికెత్తుతారు. ఆ తూకం ముల్లు ఆడా మగా చూడదు. తేడాలన్నీ ఆ పైన మొదలవుతాయి. చివరి బస ఒక రాతి ఇల్లు. అక్కడ నీటి చుక్క లేదు. ఎంతో కింద ఉన్న వాగులో డబ్బాలు నింపి మోసుకు రావాలి. కొండ నెత్తి నిండా మంచు, దాని మోకాళ్ళ దగ్గర జావ కాయడానికి నీళ్ళు మాత్రం కింద నుంచి ఆమె నెత్తి మీద రావాలి. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గాని, వాళ్ళు ఎప్పుడూ నీళ్ళు మోసి ఉండరనిపించేది ఆమెకి. అక్కడ వండి పెట్టాక, ఆమె భర్త ఎలియామని, అతని కింద పనిచేసే మింజా, వచ్చిన యాత్రికుల్ని వెంటబెట్టుకుని అర్ధరాత్రి శిఖరానికి బయల్దేరతారు. ఆమె మిగిలిపోతుంది. మాడిన గిన్నెలో గుప్పెడు ఇసుక వేసి తోముతుంది. మర్నాడు పొద్దెక్కాక వాళ్ళు తూలుకుంటూ దిగి వచ్చేసరికి వేడి జావ పట్టుకుని నిలబడుతుంది.

"ఎలా ఉంటుందండీ పైన?" అని మొదట్లో అడిగేది.

"ఏముంటుంది? రాళ్ళు, గాలి. జావ పొయ్."

"నేనూ ఒకసారి వస్తా."

"ఆడవాళ్ళ ఊపిరి అక్కడికి చాలదు, మామా ఉపెండో" అనేవాడు ఎలియామని. కోపంగా కాదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, ఆదివారం చర్చిలో ముందు బల్ల మీద కూర్చుంటాడు. అందుకే ఆ మాటకు ఎలా ఎదురు చెప్పాలో ఆమెకు తెలిసేది కాదు. ఉపెండో కడుపులో ఉండగా ఏడో నెల దాకా ఆవుకి గడ్డిమోపు మోసిన ఊపిరి. ముగ్గురు పిల్లల్ని కన్న ఊపిరి. ఇరవై కిలోలతో ఇక్కడిదాకా వచ్చిన ఊపిరి. సరిగ్గా ఈ రాతి ఇంటి గుమ్మం దగ్గరే అది ఎలా అయిపోతుంది? వట్టి చేతులతో నడవాల్సి వచ్చేసరికి చాలకుండా పోతుందా?

దీనికి తోడు అత్తగారి బాకీ ఒకటి.

కాఫీ చెట్లకు తెగులు తగిలి, పిల్లల బడి ఆగిపోయేలా ఉన్న ఏడాది అనాయేలి కొండ మీద మోతపనికి పోతానంది. ఆరోజు అత్తగారు పొద్దుటి నుంచీ సణుగుతూనే ఉంది. "అడవి దాటి పైకి పోయిన ఆడది మా వంశంలో ఉందా? గడ్డి అక్కడితో ఆగిపోతుంది. గడ్డి ఆగిన చోట ఆడదానికేం పని?" సాయంత్రానికి మాత్రం పెట్టె తెరిచి, చనిపోయిన తన భర్త ఊలు స్వెటర్ తీసి కోడలి ఒళ్ళో పడేసింది. మోచేతుల దగ్గర రెండు రకాల దారాలతో అల్లిన మాసికలు.

"ఊరికే ఇస్తున్నాననుకోకు. బదులు కావాలి నాకు."

"నా దగ్గరేముంది అత్తమ్మా?"

"మీ మామ ముప్పై ఏళ్ళు ఆ కొండకి దారి చూపించాడు. ఆ తెల్లదేంటయ్యా, ఉప్పా, పిండా, నాలిక మీద పెడితే ఎలా ఉంటుందీ అని పెళ్ళైన కొత్తలో అడిగా. నీకెందుకే అన్నాడు. పోయేదాకా అదే మాట. కాస్త తెచ్చిపెట్టు, చూస్తా."

ఆ తర్వాత ఆమె ఎప్పుడు కొండ దిగి వచ్చినా ముసలామె గుమ్మంలోనే ఉండేది. "వచ్చావా? స్వెటర్ తొడుక్కున్నావుగా, బదులేదీ?"

"పైదాకా పోనివ్వరు అత్తమ్మా."

"అయితే స్వెటర్ సగానికి కోసి ఇచ్చెయ్. సగం కొండకి సగం స్వెటర్ చాలు."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు అనాయేలికి ఎక్కడో గుచ్చుకునేది.

ఈసారి యాత్రికులు డెన్మార్క్ నుంచి వచ్చిన అన్నదమ్ములు, ఇద్దరూ అరవై దాటినవాళ్ళు. బయల్దేరే ముందు తమ్ముడికి వాంతులయ్యాయి. అనాయేలి బకెట్ పట్టుకుని, నోరు తుడిచి, నేల కడిగే హడావిడిలో ఉంది. అందరూ వెళ్ళాక నడుం వాల్చింది. తెల్లవారుజామున స్టవ్ వెలిగించి జావ పెట్టి తిరిగేసరికి, బల్ల మీద ఎర్ర ఫ్లాస్కు. అల్లం చాయ్ పోసి తనే మూత బిగించిన ఫ్లాస్కు.

అది ఎలా మిగిలిపోయిందో ఆమెకు వెంటనే అర్థమైంది. ప్రతిసారీ తనే దాన్ని మింజా సంచిలో పెట్టేది. ఈసారి పెట్టలేదు. మింజా దాన్ని చూసే ఉంటాడు, ఎలియామనీ చూసే ఉంటాడు. ఫ్లాస్కు గిన్నెల్లో జమ, గిన్నెలు ఆడదాని లెక్క. ముట్టుకోవాలని ఇద్దరికీ తోచి ఉండదు. కొండ అంచుకు చేరేసరికి సీసాల్లో నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి. వాంతులైన ముసలాయనకి గొంతు తడుపుకోవడానికి వెచ్చటి చుక్క ఉండదు.

స్వెటర్ తొడుక్కుంది. ఫ్లాస్కును పాత గుడ్డలో చుట్టి వీపుకి కట్టుకుంది, పిల్లల్ని కట్టుకున్నట్టే. పక్క జట్టు వంటవాడిని లేపింది. "జావ మీద ఓ కన్నేసి ఉంచు తమ్ముడూ."

"ఎక్కడికి మామా ఈ చీకట్లో?"

"చాయ్ ఇచ్చొస్తా."

బూడిద నేల. ఒక అడుగు వేస్తే అర అడుగు కిందికి జారుతుంది. ప్రభువా, ఇది తప్పైతే నన్ను ఇక్కడే కూల్చెయ్యి అనుకుంటూ ఎక్కింది. కూలలేదు. చర్చి పాట లోలోపలే పాడుకుంది. చరణానికి పది అడుగులు, పదో అడుగుకి ఆగి ఒక ఊపిరి. తూర్పున ఎరుపెక్కింది. తలలో ఎవరో రోకలితో దంచుతున్నట్టుంది. నెత్తి మీద బరువు లేకుండా నడవడం ఆమెకు వింతగా ఉంది. మెడ ఎటు కావాలంటే అటు తిరుగుతోంది. పదకొండేళ్ళలో ఈ కొండ మీద తల తిప్పి చుట్టూ చూడటం ఇదే మొదలు.

అగ్నిపర్వతం నోటి అంచు చేరేసరికి ఎండ వచ్చింది. అన్నదమ్ములిద్దరూ రాళ్ళకి ఆనుకుని ఉన్నారు, పెదాలు నీలంగా. ఎలియామని ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"చాయ్ మర్చిపోయారు."

మింజా తల గోక్కున్నాడు. "అన్నా, నువ్వు తెస్తున్నావనుకున్నా."

"నేనెందుకు తెస్తాను?" అన్నాడు ఎలియామని. అనేశాక ఆ మాట అతనికే వినపడినట్టుంది.

ఆమె మూతలో పోసి ముందు తమ్ముడికి, తర్వాత అన్నకి పట్టించింది. మింజాకి, భర్తకి పోసింది. ఆఖరి గుక్క ఫ్లాస్కు వంచి తనే తాగింది. ముసలాళ్ళ ముఖాల్లోకి రంగు వచ్చింది గాని, ఇక చాలు, దిగిపోదాం అని చేతులూపారు. అసలు శిఖరం ఇంకో గంటన్నర నడక. అంచు వెంబడి వేరే జట్ల వాళ్ళు చీమల్లా పోతున్నారు.

"సరే, పద. దిగుదాం" అన్నాడు ఎలియామని.

అనాయేలి ఫ్లాస్కు మూత బిగించి, మళ్ళీ వీపుకి కట్టుకుని, పైకి తిరిగింది.

"ఎటు?"

"ఫ్లాస్కు ఖాళీ అయింది. నింపుకొస్తా."

"నీకు పిచ్చా? ఊపిరి చాలదని ఎన్నిసార్లు చెప్పాను!"

"నూరుసార్లు చెప్పారు. ఆ ఊపిరితోనే మీకు చాయ్ తెచ్చాను. తాగారుగా?"

"కింద జావ ఎవరు పోస్తారు?"

ఆమె ఆగింది. అలవాటు కొద్దీ కాళ్ళు ఆగాయి. ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది, ఎవరు పోస్తారా అని. తర్వాత చెప్పింది.

"గరిటె గిన్నెలోనే ఉంది."

మింజా పగలబడి నవ్వి, ఎలియామని ముఖం చూసి మానేశాడు. తన నల్ల కళ్ళద్దాలు తీసి ఆమెకిచ్చాడు. "పెట్టుకో వదినా. పైన మంచు కళ్ళు పీకేస్తుంది." ఎలియామని వెంట పోలేడు, ఆపలేడు. ముసలాళ్ళిద్దర్నీ దింపే భారం అతని మీదే ఉంది. "వేరే జట్టు వెనకే నడువు. ఒంటరిగా నడవకు" అన్నాడు చివరికి. ఆ మాట ఆమెకు నచ్చింది. పెళ్ళాంతో కాదు, ఒక మనిషితో అన్నట్టుంది.

శిఖరం మీద పేరు రాసిన చెక్కపలక ఒకటి, నలుగురు ఫొటోలు దిగేవాళ్ళు, రాళ్ళు, గాలి. ఎలియామని అబద్ధం చెప్పలేదు. నిజమే, ఏమీ లేదు. మరి ఏమీ లేనిదాన్ని ఇన్నేళ్ళు ఎందుకు దాచారు? వేరే జట్టుకి దారి చూపించేవాడు ఆమెను చూసి, "మీరెవరు మామా?" అన్నాడు. "అనాయేలి" అంది. గాలికి ఆ పేరు తనకే కొత్తగా వినపడింది. మోకరించి ప్రార్థన చేసుకుంది. అడగాల్సిందేమీ లేకపోయింది. ఈసారి చెప్పింది: తండ్రీ, వచ్చాను. తిరుగుదారిలో కరకరలాడే మంచును మూతతో గీరి ఫ్లాస్కులో కూరింది.

మూడోనాడు ఇల్లు చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. "వచ్చావా? స్వెటర్..."

అనాయేలి ఫ్లాస్కు విప్పి, ఆమె దోసిట్లో వంచింది. నీళ్ళు, నీళ్ళలో తేలుతున్న మంచుపలుకు ఒకటి. ముసలామె దోసిలి నోటికెత్తుకుంది. పలుకును నాలిక మీద కరగనిచ్చింది. కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించింది.

"ఉప్పు కాదు" అంది. "పిండీ కాదు." మళ్ళీ ఒక గుక్క. "నీళ్ళేనే! మనం మోసే నీళ్ళే! దీనికేనా నన్ను యాభై ఏళ్ళు నీకెందుకే అన్నాడూ?"

ఫ్లాస్కు లాక్కుని, కర్ర పొడుచుకుంటూ అరటితోటలోకి నడిచింది. మామగారి సమాధి దగ్గర ఆగి, మిగిలిన నీళ్ళు దాని మీద ఒంపేసింది. "నువ్వు చెప్పలేదుగా. నేను చెబుతున్నా విను. నీళ్ళు!"

తిరిగి వచ్చి ఖాళీ ఫ్లాస్కు కోడలి చేతిలో పెట్టి, స్వెటర్ మోచేతి మాసికను వేలితో ఒకసారి నొక్కి చూసింది.

"ఇక ఇది నీది, అనాయేలీ" అంది.