గాలి ఉన్న టైరు

సంపత్‌కు సైకిలంటే రోత పుట్టిన రోజు అదొక్కటే. అదీ గెలవాల్సిన రోజున.

పొద్దున కామారెడ్డిలో మొదలైన రేసు బాన్సువాడ, నిజాంసాగర్ చుట్టి ఎల్లారెడ్డిలో ముగుస్తుంది. ఎల్లారెడ్డి సంపత్ సొంతూరు. అక్కడ సైకిల్ షాపు నడిపే తండ్రి యాకూబు షాపు మూసి మరీ ముగింపు గీత దగ్గర నిలబడ్డాడు. కొడుకు ఆరేళ్లుగా జీతానికి రేసులు తొక్కుతున్నాడు, ఒక్కసారైనా ముందు రావడం ఆయన చూడలేదు. ఎలా చూస్తాడు? కెప్టెన్ సిద్దార్థకు ఎదురుగాలి తగలకుండా ముందు తొక్కడం, నీళ్లు అందించడం, అవసరమైతే తన చక్రం ఊడదీసి ఇవ్వడం, ఇదీ జట్టులో సంపత్ ఉద్యోగం. చెప్పుకోవడానికి త్యాగం, చేసేవాడికి వెట్టిచాకిరీ.

ఆ రోజు మాత్రం కథ మారింది. నిజాంసాగర్ దాటేసరికి ముందు ఇద్దరే మిగిలారు, సంపత్, సిద్దార్థ. మిగతా గుంపు చాలా వెనకబడింది. సిద్దార్థ అప్పటికే ఆయాసంతో వేలాడిపోతున్నాడు. మీ ఇద్దరిలో ఎవరికి సత్తువుంటే వాళ్లు గెలవండని మేనేజర్ శేఖర్ చెవిలోని రేడియోలో చెప్పాడు. సంపత్‌కు ప్రాణం లేచొచ్చింది.

మహమ్మద్‌నగర్ దాటాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో, స్పేరు చక్రాలున్న జట్టు కారు వెనకెక్కడో ఇరుక్కుపోయింది. సరిగ్గా అక్కడే సిద్దార్థ వెనక టైరు పంక్చరైందంటూ ఆగాడు. చక్రం ఇచ్చెయ్యమని రేడియోలో ఆదేశం వచ్చింది. ఆరేళ్ల అలవాటు, సంపత్ చేతులు వాటంతటవే పని కానిచ్చాయి. సిద్దార్థ అతని కళ్లలోకి చూడకుండా సైకిలెక్కి పోయాడు.

వాడు వదిలేసిన చక్రాన్ని సంపత్ ఎత్తి టైరు నొక్కాడు. రాయిలా ఉంది. నమ్మలేక చుట్టూ తిప్పుతూ నొక్కాడు. ముల్లు లేదు, చీలిక లేదు, గాలి నిండుగా ఉంది. పంక్చరన్నది అబద్ధం. ఓడిపోతే ఓడిపోవాలి గానీ, ఇన్నేళ్లు మోసినవాణ్ని దారిలో దింపేసి పోవడమేమిటి, ఛీ. ఆ చక్రాన్నే బిగించుకుని కసిగా తొక్కాడు. ఎల్లారెడ్డి పొలిమేరలో సిద్దార్థ వీపు దొరికింది. ఇంకొంచెం తొక్కితే దాటేస్తాడు.

అప్పుడు శేఖర్ గొంతు మెల్లగా వినిపించింది.

"టైరు సంగతి నాకు తెలుసు సంపత్. వాణ్ని దాటకు. వచ్చే ఏడు కెప్టెన్ నువ్వే."

ఆ మాటకు అసహ్యం వేసింది. దాని వెంటే సంతోషమూ కలిగింది. సంపత్ కాళ్లు నెమ్మదించాయి.

రెండోవాడిగా గీత దాటేసరికి మైకులో, కెప్టెన్‌కు చక్రమిచ్చిన అతని త్యాగం గురించి ఊదరగొడుతున్నారు. యాకూబు గుంపును తోసుకుని వచ్చాడు. కొడుకును పలకరించకముందే ఆయన చెయ్యి వెనక టైరు మీదికి పోయింది.

"గాలి మంచిగనే ఉన్నది. ఎందుకిచ్చినవ్?"

"ఇచ్చినప్పుడు తెల్వదు బాపు."

"తెలిసినంక ఎందుకు దాటలే?"

సంపత్ తల దించుకున్నాడు. "వచ్చే ఏడు నన్ను కెప్టెన్ చేస్తమన్నరు."

యాకూబు టైరు మీదినుంచి చెయ్యి తీసి, భుజం మీది తువ్వాలకు తుడుచుకున్నాడు.

"అయితే నువ్వు గూడ గిట్లనే గెలుస్తవన్నట్టు," అని షాపు వైపు నడిచాడు.